చెరలోనివాని వైద్యవ్యయ మెవ్వరిది?

మా యాచారమున నాయొద్ద చదివిన యొకడు పొలముగట్టు తగవులో చిక్కుకొని విచారణ ఖైదీగా జైలుకు పోయెను. వాడు మధుమేహరోగి. వాని తల్లి మా యరుగుపై కూర్చుండి, “పంతులుగారూ! మా యింటికి ఆరోగ్యశ్రీ యున్నది గదా, లోపలనున్న నా కొడుకునకది పనికివచ్చునా? లేక బర్రె నమ్మి సొమ్ము కట్టవలెనా?” అని యడిగెను. ప్రక్కనున్న పెద్దమనిషి, “తప్పుచేసినవానికి సర్కారు మందులేల? న్యాయముగా బ్రతుకువాడు అప్పుచేసి చూపించుకొనుట లేదా?” అనెను.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైనది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలు హద్దు. పేదవాడు తనంతట ఆసుపత్రికి పోయినపుడు ఆదుకొను ఏర్పాటిది. ఖైదీ తనంతట గడప దాటలేడు. కావున వాని వైద్యభారము మొదట బంధించిన ప్రభుత్వముపైననే పడును. 1894 నాటి కారాగార చట్టము, జైలులో వైద్యశాల యుండవలెననియు, వచ్చిన ఖైదీని వైద్యాధికారి పరీక్షింపవలెననియు విధించినది. లోపల కుదరని రోగమైనచో కావలివాండ్రతో ఉస్మానియా, గాంధీ వంటి సర్కారు ఆసుపత్రులకు పంపుదురు. రాజ్యాంగము ప్రకారము జైళ్లు రాష్ట్రముల పద్దు గనుక వ్యయము రాష్ట్రపు బొక్కసముదే. బర్రె నమ్మ నక్కరలేదు.

1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలుపై బాంబులు పడి యొక ఖైదీ మరణించెను. ఖైదీకిని ప్రాణహక్కు కలదనియు, ప్రభుత్వము పరిహార మీయవలసినదే యనియు సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పెను.

పెద్దమనిషి మాటలో బాధ యున్నది, కాదనను. అప్పుచేసి వైద్యము చేయించుకొన్న యిండ్లు మన యూర నెన్నియో! అయినను 2022 లెక్కలలో దేశపు ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే. వారి తప్పింకను తేలలేదు. మరియు క్షయ పట్టినవాడు విడుదలయై వచ్చునది మన నడుమకే గదా.

అమెరికాలో 1965లో పేదలకై పుట్టిన మెడికెయిడ్ అను సర్కారు బీమా, ఖైదీల వ్యయమును భరింపనని చట్టములోనే వ్రాసికొనెను. బయటి ఆసుపత్రిలో చేర్చినపుడు మాత్రము మినహాయింపు. విడుదలైన నాడు వానికి మందును లేదు, వైద్యుడును లేడు. తుదకు 2023 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రము, విడుదలకు ముందు 90 దినముల వైద్యమునకు ఆ సొమ్ము వాడుటకు అన్ని రాష్ట్రములకంటె ముందుగా అనుమతి పొందెను.

ఆ తల్లికి నేను చెప్పిన దింతే: పాత మందుచీటీలును, రక్తపరీక్ష కాగితములును జైలు వైద్యాధికారికి చేర్చుము. ఆలకింపకున్నచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కడకు పొమ్ము. నిర్బంధమున నున్నవానికి ఆదాయము చూడకయే ఉచితముగా వకీలు నీయవలెనని 1987 నాటి చట్టము. రోగము ముదిరినచో ఆ కారణముననే బెయిలు కోరవచ్చును. మాత్రల పేర్లు ఆమెకు తెలియవు; చీటీలు చూచి నేనే వ్రాసి యిచ్చితిని.