అసలు తిరిగి వచ్చింది, మరి ఏడేళ్ల మాటేమిటి?

మా పెద్దన్నయ్య ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఇంటి దస్తావేజులు పట్నంలోని ఒక బ్యాంకులో తాకట్టు పెట్టి, అప్పు తీసుకుని స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. 2016లో రిటైరయినప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో మిగిలిన బాకీ 4 లక్షలూ ఒక్కసారే తీర్చేద్దామని వెళ్లాడు. "ముందుగా తీరుస్తున్నారు గనుక రెండు శాతం ఫీజు కట్టాలి" అన్నారు అక్కడ. అంటే 8,000 రూపాయలు. అది లెక్కలో లేని ఖర్చు. ఊళ్లో ఒకరి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి కట్టాడు. ఆ చేబదులు తీరడానికి ఏడాది పట్టింది. దాని వడ్డీయే 1,920 రూపాయలయింది.

2023లో ఏదో పనిమీద పెట్టెలోని పాత కాగితాలు తీశారు. అన్నయ్య అల్లుడు వాటిని చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. "మామయ్యా, మీది మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు గదా! దీనిమీద ఈ ఫీజు వేయకూడదే" అన్నాడు. అతను చెప్పింది నిజం. వడ్డీ రేటు మారుతూ ఉండే ఇంటి అప్పును ముందుగా తీర్చినవారి దగ్గర బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే ఆదేశించింది. ఫీజు కట్టిన నాటికే ఆ నిబంధనకు నాలుగేళ్లు.

అన్నయ్య అర్జీ రాశాడు. కొత్త మేనేజరుగారు మంచివారు. పాత లెక్కలు తీయించి, తప్పు ఒప్పుకుని, 8,000 రూపాయలు ఖాతాలో జమ చేయించారు. అన్నయ్య సంతోషించాడు. అయితే వదిన ఒక ప్రశ్న వేసింది: "ఏమండీ, ఆ రోజు తెచ్చిన చేబదులుకి మనం కట్టిన వడ్డీ ఎవరిస్తారండీ?"

"పోనీలే, అసలు వచ్చింది గదా. ఇంకా అడిగితే ఆశపోతులనుకుంటారు" అన్నాడు అన్నయ్య.

ప్రియ పాఠకులారా, ఇది మనలో చాలామంది అనే మాటే. కాని ఆలోచించండి. మనం ఒక్క వాయిదా ఆలస్యంగా కడితే, అసలు మాత్రమే తీసుకుని బ్యాంకు ఊరుకుంటుందా? కాలానికి వెల ఉన్నదని మనకు నేర్పినదే బ్యాంకు. మరి మన డబ్బు ఏడేళ్లు దాని దగ్గర ఉంటే ఆ కాలానికి వెల లేదా?

దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ధర్మశాస్త్రం ఈ సంగతిని ఎన్నడో తేల్చింది. అన్యాయంగా తీసుకున్నది మూలధనంతో పాటు అయిదవ వంతు కలిపి సొంతదారునికి ఇయ్యాలని లేవీయకాండము 6వ అధ్యాయం చెబుతున్నది. జక్కయ్య అయితే నాలుగంతలు ఇస్తానన్నాడు. తీసుకున్నదే తిరిగి ఇచ్చి చేతులు దులుపుకోవడం పరిహారం కాదు. నష్టపోయినవాడు పడిన బాధ కూడా లెక్కలోకి రావాలి. మనిషిని క్షమించడం వేరు, లెక్క సరిచేయమనడం వేరు.

ఇటువంటిదే చాలా పెద్ద ఎత్తున ఐర్లండ్ దేశంలో జరిగింది. ఐరోపా కేంద్ర బ్యాంకు రేటును అనుసరించి నడవవలసిన ఇంటి అప్పుల మీద అక్కడి బ్యాంకులు ఏళ్ల తరబడి ఎక్కువ వడ్డీ తీసుకున్నాయి. ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. 2015లో ఆ దేశపు కేంద్ర బ్యాంకు విచారణకు పూనుకుంది. 40,000కు పైగా ఖాతాల్లో తప్పు బయటపడింది. ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇవ్వడమే గాక, పడిన కష్టానికి పరిహారం కూడా ఇవ్వాలని, అది చాలదనుకునేవారు అప్పీలు చేసుకోవచ్చునని ఏర్పాటు చేశారు.

మన దేశంలోనూ మార్పు వస్తున్నది. కొన్ని సంస్థలు అప్పు డబ్బు చేతికి ఇవ్వకముందు రోజుల నుండే వడ్డీ కడుతున్నాయని తనిఖీలలో తేలినప్పుడు, ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇచ్చేయమని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ సంగతిని 2024 ఏప్రిల్ 29న అన్ని సంస్థలకూ తెలియజేసి, తమ పద్ధతులు సరిచూసుకోమన్నది. అప్పు పూర్తిగా తీరిన తరువాత ఇంటి పత్రాలు 30 రోజుల్లోగా ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఇవ్వాలి. ఈ నియమం 2023 డిసెంబరు 1 నుండి అమలులో ఉన్నది. కాలానికి వెల కట్టడమంటే ఇదే.

ఇక అన్నయ్య సంగతి. మేమంతా చెప్పగా రెండవ అర్జీ రాశాడు. తన అప్పు మీద బ్యాంకు తీసుకున్న వడ్డీ నూటికి 10 రూపాయలు. అదే లెక్కన 8,000కు ఏడేళ్లకు 5,600 రూపాయలు ఇమ్మని అడిగాడు. చేబదులు వడ్డీ కూడా కలపమన్నాడు అల్లుడు. "దానికి రసీదు లేదు. పైగా ఒకే కాలానికి రెండు వడ్డీలు అడగడం న్యాయం కాదు" అన్నాడు అన్నయ్య. ఆరు వారాలకు 5,600 రూపాయలూ జమ అయ్యాయి. బ్యాంకు నుండి క్షమాపణ ఉత్తరం కూడా వచ్చింది. వదిన ఆ ఉత్తరాన్ని ఇంటి పత్రాల పక్కనే దాచింది.

మీ ఇంట్లోనూ పాత అప్పు కాగితాలు ఉంటే ఒకసారి తీసి చూడండి. చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. అర్థం కాని ఫీజు కనిపిస్తే, అది ఏ నిబంధన ప్రకారం తీసుకున్నారో రాతపూర్వకంగా అడగండి. అర్జీ నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలూ అక్కరలేదు. అయితే గడువులుంటాయి గనుక, తప్పు కనబడ్డాక ఆలస్యం చేయకండి.

అడిగేటప్పుడు కోపంగా అడగనక్కరలేదు. ఎక్కువా అడగవద్దు, తక్కువా అడగవద్దు. సరైన లెక్క ఇద్దరికీ మేలే.