రెడ్డికి ముందున్న పేరు

మహానంది ఉన్న నంద్యాల జిల్లాలో రెడ్డి అన్న మాట వినపడని ఊరు అరుదు. అయినా అది ఇంటిపేరు కాదు. ఒకప్పుడు ఊరి పెత్తనం చేసినవారి హోదా, తరువాత కులం పేరు. మనిషి ఏ ఇంటివాడో చెప్పేది పేరుకు ముందుండే మాట. ఇప్పుడు పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడిలో రెడ్డి అని నింపేసి, అసలు ఇంటిపేరును పొడి అక్షరంగా మిగల్చడం మామూలైపోయింది. దీనివల్ల పోతున్నది మన ఊళ్ల చరిత్రే అని నా వాదన.

ఇదే జిల్లాలోని ఉయ్యాలవాడను చూడండి. 1846లో కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ నరసింహారెడ్డి ఇంటిపేరు మజ్జారి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. జనం జడుసుకోవాలని తలను అక్కడి కోట మీద ఏళ్ల తరబడి వేలాడదీశారు. ఇరవై ఏళ్లు తిరగకముందే, 1866 కరువులో, ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఉయ్యాలవాడే. ఒకరు కత్తి పట్టారు, ఒకరు గాదె తెరిచారు. రెడ్డి అన్నంత మాత్రాన వీళ్లు వేరు వేరు ఇళ్లవాళ్లని తెలియదు; మజ్జారి, బుడ్డా అంటేనే తెలుస్తుంది. మరి నరసింహారెడ్డిని జనం మజ్జారి అనరు, ఉయ్యాలవాడ అనే అంటారు కదా అనవచ్చు. నిజమే. కానీ జనం వట్టి రెడ్డితో సరిపెట్టుకోలేదు, ఇంటిపేరు ఉండాల్సిన చోట ఊరిని నిలబెట్టుకున్నారు. మన ఇంటిపేర్లు చాలావరకు పుట్టిందే అలా. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి రామలింగారెడ్డి ఇంటిపేరు కట్టమంచి, చిత్తూరు దగ్గరి ఊరు.

పొడి అక్షరం ఉంటే చాలదా అంటే, చాలదు. కడప జిల్లాలో పుట్టిన సినిమా అన్నదమ్ములు బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి ఇద్దరూ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ఆ ‘బి’ బొమ్మిరెడ్డి అని సినిమా అభిమానుల్లోనే ఎందరికి తెలుసు? ఇంటిపేరు తండ్రి వైపునే నడుస్తుంది, పెళ్లయితే ఆడపిల్లది మారిపోతుంది అన్న అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే రెడ్డి అన్నదీ ఆ లోటు తీర్చదు, పైగా కులాన్ని ముందుకు తెస్తుంది. బయటి దేశాల్లో పలకలేరన్న మాట సాకే. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, అదే ఏడాది రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డి పేరుకు ముందు ‘నీలం’ దేశ విదేశాల పత్రాల్లో పూర్తిగానే నడిచింది.