అద్దాల వెనుక జపాన్

హయత్‌నగర్ దాటి విజయవాడ రహదారిలో కొంత దూరం వెళితే అనాజ్‌పూర్ వద్ద రామోజీ ఫిల్మ్‌సిటీ ఉంది. 1996లో వెలసిన ఆ చిత్రనగరిలోని ఉద్యానవనాలలో ఒకటి జపాన్ పద్ధతిలో తీర్చినది. కెమెరా చూపు ఎంతవరకు సాగుతుందో అంతవరకే అక్కడ జపాన్ ఉంటుంది. అందులో తప్పు లేదు. చిత్రనగరి ధర్మమే అది. అయితే పరదేశ సంస్కృతిని తెలుసుకోగోరే విద్యార్థి ఏ వస్తువును చూసినా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఆ తోటలోనే పుడుతుంది: ఇది ఎవరి కంటి కోసం తయారైంది?

అదే రహదారిలో నగరం వైపు మళ్ళి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటలను దాటి వెళితే మూసీ దక్షిణపుటొడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంటుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణలతో 1951లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాల 1968లో ఇప్పటి భవనానికి మారింది. దాని తూర్పు భవనంలో చైనా కళాఖండాల సరసన జపాన్ వస్తువులు కొలువుదీరి ఉన్నాయి. వాటిలో ఇమారి పింగాణీ, సత్సుమా పాత్రలు చూపరులను ఇట్టే ఆకర్షిస్తాయి. ఆ నీలిమను, ఎరుపును, బంగారు పూతను చూసినవారు జపానీయుల అభిరుచి ఇంత ఆడంబరమైనదా అనుకోవడం సహజం.

కాని ఆ పాత్రల చరిత్ర వేరొక కథ చెబుతుంది. ఇమారి అనేది పాత్రలు తయారైన ఊరు కాదు, ఓడకెక్కిన రేవు. తయారీ జరిగింది సమీపంలోని అరితలో. ఆ విద్యకు అక్కడ 17వ శతాబ్ది తొలినాళ్ళలో పునాది వేసినవారు కొరియా నుండి వచ్చిన కుమ్మరులు. ఆ శతాబ్ది మధ్యకాలంలో చైనా అంతర్యుద్ధాలలో చిక్కుకొని అక్కడి పింగాణీ సరఫరా తగ్గిపోగా, డచ్చి వర్తకులు జపాన్ వైపు తిరిగారు. ఐరోపా కొనుగోలుదారు కోరిన రూపాలు అరిత కొలిమిలో కాలాయి. బంగారు తళుకుల సత్సుమా పాత్రలు సైతం 1867 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన తరువాత పాశ్చాత్య విపణి కోసం విరివిగా తయారైనవే. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. మచిలీపట్నం కలంకారీ పనివారు కూడా పారశీకుల, డచ్చివారల ఇష్టాన్ని బట్టి లతలను, పూలను మార్చి అద్దినవారే.

మరి జపానీయులు తమ కోసం ఏమి చేసుకున్నారు? తేనీటి వేడుకలో పెద్దలు కోరుకున్నది చేతితో మలచిన, గరుకైన, వన్నె తక్కువ పాత్ర. దాని అందాన్ని పరదేశీయులకు వివరించడానికి ఒకాకురా కకుజో 1906లో ‘ద బుక్ ఆఫ్ టీ’ అనే గ్రంథాన్ని ఇంగ్లీషులోనే రచించాడు. వస్తువు తనంతట తాను చెప్పలేని దానిని పుస్తకం చెప్పవలసి వచ్చిందన్నమాట.

తెలుగు పాఠకునికి జపాన్ పుస్తకాల ద్వారానే దగ్గరైంది. హైకూ అందుకు ఒక దారి. బషో (1644–1694) వంటివారి చేతిలో పండిన ఆ చిన్న కవిత 5, 7, 5 ధ్వనిమాత్రల కొలతకు, ఋతువును సూచించే ఒక మాటకు కట్టుబడి ఉంటుంది. తెలుగు కవులలో పలువురు కొలతను వదిలి మూడు పాదాలను, ఒక్క క్షణపు దృశ్యాన్ని మాత్రం గ్రహించారు. ఇస్మాయిల్ తన హైకూల సంపుటికి ‘కప్పల నిశ్శబ్దం’ అని పేరు పెట్టారు. కొలనులోకి దూకిన బషో కప్ప చప్పుడు ఎరిగినవారికి ఆ పేరులోని చమత్కారం వెంటనే స్ఫురిస్తుంది. ఇది అనుకరణ కాదు, జవాబు.

ఇంతకంటె ఎక్కువమంది చేతికి అందినది ‘రైలుబడి’. తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన బాల్యస్మృతులకు తెలుగు రూపం ఇది. వీధి వాద్యగాళ్ళను చూడడానికి తరగతి కిటికీ వద్ద నిలబడుతున్నదని ఒకటో తరగతిలోనే ఒక బడి వెళ్ళగొట్టిన పిల్ల టోటోచాన్. రైలుపెట్టెలే తరగతి గదులైన టొమోయే పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు సొసాకు కొబయాషి ఆ పిల్ల కబుర్లను మొదటిరోజే నాలుగు గంటలపాటు విన్నాడు. జపాన్ అనగానే క్రమశిక్షణ అని వల్లించేవారికి ఆ దృశ్యం ఒక్కటే చాలు, తమ అభిప్రాయాన్ని సరిచూసుకోవడానికి.

ఈ పుస్తకానికి జపాను భాషలో ఉన్న పేరు ‘కిటికీ పక్కన టోటోచాన్’ అనే అర్థాన్నిస్తుంది. మనకు కిటికీ పక్క చోటు అంటే బస్సులో పోటీపడి సంపాదించుకొనే భాగ్యం. నాటి జపాన్ కార్యాలయాలలో కిటికీ పక్కకు చేరడమంటే పని లేకుండా ఒక మూలకు నెట్టబడడం. పేరులోనే రచయిత్రి తన బాల్యపు ఒంటరితనాన్ని దాచారు. తెలుగు పేరు రైలుపెట్టెలోని ఆనందాన్ని పట్టుకొంది. కిటికీలోని ఆ వెలితి అందులోకి రాలేదు. ఏ అనువాదానికైనా ఇటువంటి సుంకం తప్పదు.

1945లో వైమానిక దాడిలో ఆ పాఠశాల దగ్ధమైంది. మొదటి పుస్తకం అక్కడితో ముగిసింది. 42 ఏళ్ళ తరువాత 2023లో కురొయనాగి దానికి కొనసాగింపు వెలువరించారు. అదే ఏడాది డిసెంబరులో మొదటి పుస్తకం యానిమేషన్ చిత్రంగా కూడా వచ్చింది. సాలార్‌జంగ్ అద్దాల వెనుక మెరిసే బంగారు పూతల పాత్రలలో కనిపించని ఆకలి ఆమె చెప్పిన యుద్ధకాలపు కథలో ఉంది. తండ్రి యుద్ధానికి వెళ్ళిన ఆ రోజులలో రోజంతటికీ ఆ చిన్నపిల్లకు దక్కిన ఆహారం 15 వేయించిన సోయా గింజలు.