బందరు దారి, బానిస బేరము

సంగారెడ్డి చౌరస్తాలో నిలుచుండి పటాన్‌చెరు వైపు చూచినచో, కంటెయినరు లారీల వెనుక కంపెనీ బస్సులు, బస్సుల వెనుక షేర్ ఆటోలు తెంపులేక సాగిపోవు రహదారిని మనవైపువారు నేటికిని బొంబాయి రోడ్డనియే పిలుతురు. రోడ్డు ఎటునుండి వచ్చుచున్నదో చెప్పు పేరది. ఎచ్చటికి పోవుచున్నదో అడిగినచో చప్పున చెప్పగలవారు తక్కువ. సర్కారు లెక్కలో అది 65వ నంబరు జాతీయ రహదారి. పూణెలో మొదలై, షోలాపూరు, జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడలను దాటి మచిలీపట్టణమున, అనగా బందరున, ముగియును. సరిగా ఈ రోడ్డే కాకపోయినను ఈ దిక్కుననే, మూడున్నర శతాబ్దముల క్రిందట, గోలకొండనుండి బందరునకు ఎడ్లబండ్లును పెరికెడ్ల మందలును నడచెడివి. ఆ రేవున ఓడలకెక్కిన బట్టల మూటలలో కొన్ని ఆఫ్రికా తీరమున మనుష్యులకు వెలగా చెల్లెననియు, ఆ మనుష్యులు సముద్రము దాటించబడి అమెరికాలోని తోటలకు చేరిరనియు మా బడిపుస్తకములలో చదివిన గుర్తు నాకు లేదు.

గోలకొండ సుల్తానుల ఏలుబడిలో బందరు తూర్పుతీరమునకెల్ల పేరెన్నికగన్న రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట దిగిరి. వారికి ముఖ్యముగా కావలసినది నూలుబట్ట. చిరివేరుతో ఎఱ్ఱదనము తేల్చిన అద్దకపు పలంగ్‌పోషులు సీమదొరల పడకగదులకును, తరువాత అమెరికా వలసలలోని కలవారి యిండ్లకును పోయినవి. ముతకనూలుతో నేసి, చలువచేసి తెల్లగానో, తొట్టిలో ముంచి నీలిగానో చేసిన నిడుపాటి తానుల సంత వేరు. ఆ తెగ బట్టకు వర్తకుల లెక్కపుస్తకములలో 'గినియా బట్ట' యని పేరు. గినియా యనగా పశ్చిమాఫ్రికా తీరము. నేసిన ఊరి పేరు వర్తకునికి అక్కరలేదు. చెల్లుబడియగు తీరము పేరే తానునకు పేరయ్యెను.

ఆ తానును నేసినవాడు ఏ గోదావరి పాయ ఒడ్డుననో మగ్గపుగుంతలో కాళ్లు వ్రేలవైచికొని నాడె విసరిన సాలెవాడు. పడుగునకు గంజిపెట్టి ఎండలో చాచునప్పుడు ఇంటిల్లిపాది చేయివేసిన గాని పని సాగదు. నూలు కొనుటకును, పనిసాగు దినములలో గింజలు తెచ్చుకొనుటకును వర్తకుని దళారి ముందుగా రొక్కము ఇచ్చెడివాడు. ఆ బయానా పుచ్చుకొన్న సాలెవాడు, బేరము నచ్చకున్న, రొక్కము తిరిగి యిచ్చివేసి తాను వేరొకనికి అమ్ముకొను వాడుక దక్షిణదేశమున 18వ శతాబ్దపు నడుమవరకు నిలిచియుండెను. ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీ చేతికి రాజ్యాధికారము వచ్చిన పిమ్మట మగ్గములయొద్ద బంట్రోతులను కావలి పెట్టి ఆ వాడుకను అణచివేసిరి. పాఠకులు ఈ చిన్న సంగతిని మరువవలదు. అప్పు పుచ్చుకొన్నవాడు దానిని తీర్చి లేచిపోగలడా, లేడా యను ప్రశ్న ఈ కథలో మఱల మఱల వచ్చును.

అట్లాంటిక్ సముద్రమున మూడున్నర శతాబ్దములకు పైగా సాగిన బానిస వర్తకములో ఓడలకెక్కింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలమంది; బ్రతికి ఆవలి గట్టు చేరినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. అందులో అత్యధికులు బ్రెజిలునకును, కరీబియను ద్వీపముల చెరకుతోటలకును పోగా, నేటి అమెరికా సంయుక్తరాష్ట్రముల నేలకు నేరుగా చేరినవారు 3 లక్షల 90 వేలకు మించరు. బానిసల వెల నాణెములలో కంటె సరకులలో చెల్లినదే ఎక్కువ: తుపాకులు, ఇనుము, గవ్వలు, సారాయి, అన్నిటికిని మిన్నగా బట్ట. ఇంగ్లండులోని నేతగాండ్రు మన సరకు ధాటికి నిలువలేక మొరపెట్టగా, అద్దకపు హిందూదేశపు బట్టను ఆ దేశమున ధరింపరాదని 1700లోను, మరింత బిగించి 1721లోను పార్లమెంటు శాసనములు చేసెను. అయినను ఆఫ్రికాకును అమెరికా వలసలకును ఎగుమతి చేయుటకు అడ్డు పెట్టలేదు. తమ ఒంటికి పనికిరాదనిన గుడ్డ బానిస బేరమునకు మాత్రము పనికివచ్చెనన్నమాట.

ఇక ఆవలి గట్టున సంగతి. 1619 ఆగస్టులో వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ రేవున ఒక ఓడ ఇరువదిమందికి పైచిలుకు ఆఫ్రికనులను దింపి, బదులుగా ఆహారపదార్థములు పుచ్చుకొని పోయెను. అప్పటికి ఆ వలసలో ఒళ్లు వంచి పనిచేయువారిలో ఎక్కువమంది ఇంగ్లండు బీదలే. ఓడకేవు అప్పుగా పెట్టుకొని, నాలుగు మొదలు ఏడేండ్లు చాకిరిచేసి తీర్తుమని పత్రము వ్రాసియిచ్చి వచ్చినవారు వారు. వాండ్ర బ్రతుకు సుఖమని కాదు. గడువు తీరకయే మన్నైనవారు అనేకులు. కాని పత్రముమీద గడువనునది యొకటుండెను.

అచ్చటి పొగాకు తోటల దినచర్య మన గుంటూరు రైతుకు క్రొత్తగా తోచదు. నారు పోయుట, నాటుట, తలలు త్రుంచుట, పిలకలు గిల్లుట, పచ్చాకు కోసి కొట్టములలో వ్రేలగట్టి ఆరబెట్టుట, సుమారు వేయి పౌనులు పట్టు పీపాలలో కుక్కి రేవువరకు దొర్లించుట: ఏడాది పొడవున పొగాకు తప్ప మరియొక ధ్యాస లేదు. తిండికి మొక్కజొన్న దంచి కాచిన జావ. చేతిలో నాణెములు లేని ఆ దేశమున పొగాకే నాణెము. 1696 శాసనము ప్రకారము వర్జీనియా పాదిరికి ఏడాది జీతము 16,000 పౌనుల పొగాకు. మనిషిని తెచ్చినవానికి తలకు 50 ఎకరముల భూమి ఇచ్చు ఏర్పాటుండుటచేత భూమి దస్తావేజులలో తేబడినవారి పేర్లుండెడివి. 1635 నాటి అట్టి జాబితాయందు 'టోనీ, ఈస్టిండియను' అని ఒక పేరున్నది. ఏ ఊరివాడో, తల్లి పెట్టిన పేరేమో ఆ కాగితము చెప్పదు. ఈస్టిండియను అన్నప్పుడు మన తీరమువాడే యనుటకు ఆధారము లేదు గనుక నేను అట్లు అనను. కాని ఆ రెండు మాటలను చదివిన తెలుగువానికి పుట తిప్పుటకు కొంచెము తడవు పట్టును.

గడువు ఎట్లు మాసిపోయెనో చూడుడు. 1640లో ఒక యజమానికడనుండి ముగ్గురు చాకిరిగాండ్రు పారిపోయి పట్టుబడిరి. ఇద్దరు ఐరోపావారు, వారికి గడువుపై మరికొన్ని యేండ్లు పొడిగించిరి. మూడవవాడు జాన్ పంచ్ అను నల్లవాడు, వానిని బ్రతికినన్నాళ్లు చాకిరి చేయుమని న్యాయస్థానము తీర్పు చెప్పెను. నేరమొక్కటే, తప్పించుకొనిన త్రోవ యొక్కటే. 1662లో బిడ్డ దాస్యము తల్లి స్థితినిబట్టియే నిర్ణయమగునని శాసనము వచ్చెను. యజమానియే తండ్రియైనను బిడ్డ బానిసయే. జ్ఞానస్నానము పొందినంతమాత్రమున విడుదల కలుగదని 1667లో వ్రాసిరి. ఈ ముక్కలన్నిటిని 1705లో ఒక పెద్ద శాసనముగా కుట్టిరి. కొరడాకంటె కలమే ఎక్కువ పనిచేసినదని నా అభిప్రాయము. ఒక్కొక్క వాక్యముతో ఒక్కొక్క తలుపు మూసివేయబడినది. ఇట్టి చాకిరితోనే దక్షిణమున కరోలినాలో వరిమళ్లు, 1740లనుండి నీలితొట్లు నడచెను. నీలి యనగా మన యింటి నీలిమందే.

మన తీరమువారు మాత్రము మడి కట్టుకొని దూరముగా నిలువలేరు. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలిచిన యేడు కరవు వచ్చినది. తిండిలేని తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకొనిరి. చెన్నపట్టణపు కోటనుండి ఆ యేడు ఒక్క సెప్టెంబరు నెలలోనే 665 మంది బానిసలు ఓడలకెక్కిరని కుంపిణీ లెక్క. ఎగుమతియైన ప్రతి బానిసకును సుంకము గట్టిరి. మొగలాయి అధికారుల అభ్యంతరము మీద 1688లో ఆ ఎగుమతిని నిషేధించిరి. ఆ నాళ్లలో కోటకు అధ్యక్షుడు ఎలీహూ యేల్. అమెరికాలోని బోస్టనులో 1649లో పుట్టి, చెన్నపట్టణమున ధనికుడై ఇంగ్లండు చేరిన ఆ దొర, కనెక్టికటులోని చిన్న విద్యాలయమునకు 1718లో తొమ్మిది మూటల సరకు, 417 పుస్తకములు, రాజుగారి చిత్రపటము పంపెను. మూటలలోని బట్టలు మొదలైన వస్తువులను అమ్మగా 562 పౌనులు వచ్చినవి. విద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. నేడు మన హైదరాబాదు పిల్లలు చేరవలెనని తపించు యేల్ విశ్వవిద్యాలయము అదియే. బానిసత్వముతో తన సంబంధమును గూర్చి ఆ సంస్థ 2024 ఫిబ్రవరిలో బాహాటముగా క్షమాపణ చెప్పినది.

మన గడపలోనికి వత్తము. నిజాం రాష్ట్రమున భగేలా యను పద్ధతి ఉండెను. పెండ్లికో చావుకో దొరకడ చేబదులు పుచ్చుకొన్నవాడు ఆ అప్పు తీరువరకు జీతగాడుగా నిలువవలెను, వడ్డీ పెరుగును గాని అప్పు తరుగదు, తండ్రి పోయిన కొడుకు నిలుచును. ఆపైన వెట్టి. అధికారి ఊరికి వచ్చినచో మూటలు మోయువారొకరు, కట్టెలు తెచ్చువారొకరు, బట్టలు ఉదుకువారొకరు; కూలి అడుగుట నేరము. 1930 మార్చిలో మన జిల్లాలోని జోగిపేటనే మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. ఆ యుద్యమమును నడపిన మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు అంతకుముందునుండియే వెట్టికి విరోధముగా కరపత్రములతో ఊరూర ప్రచారము చేయుచుండిరి. వెట్టిని అమెరికా దాస్యముతో సమానమని తొందరపడి వ్రాయువారున్నారు. నేనొప్పుకొనను. వెట్టివానిని వేలము వేసి పడవలెక్కించలేదు, వాని బిడ్డను తల్లినుండి విడదీసి అమ్ముటకు శాసనము లేదు. కాని లేచిపోగలడా యని అడిగినచో, రెంటను జవాబొక్కటే వచ్చును.

పోయిన వేసవిలో ఈ రోడ్డునుండి కొంచెము లోపల ఒక ఇటుక బట్టీకి పోయితిని. ఒడిశానుండి కార్తికములో వచ్చి, వానలకు ముందు తిరిగిపోవు కుటుంబములు. కూలీల సర్దారు వారి ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి తీసికొనివచ్చును. వారిలో ఒక కుటుంబమున మగడు మన్ను త్రొక్కి ముద్ద చేయుచున్నాడు. ఆలు ఇసుక చల్లిన అచ్చులో ముద్దను కొట్టి, అంచు గీచి, తలక్రిందుగా దించుచున్నది. ఎనిమిదేండ్లుండునేమో, వారి పిల్ల పచ్చి ఇటుకలను ఎండవైపు మఱల్చుచున్నది. సాయంకాలము మున్షీ వరుసలు లెక్కించి, తరుగు తీసివేసి, చిన్న నోటుపుస్తకములో అంకె వేసెను. ఆ పుస్తకము ఆమె చేతికి ఈయలేదు. "ఊరికి పోవలెనన్న?" అని నేను అడిగితిని. "లెక్క తెగవలె, అన్నా," అనెను మగడు, సగము తెలుగున, సగము హిందీలో.

మన రాజ్యాంగము 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పును రద్దు చేసి, అట్టి నిర్బంధమును శిక్షార్హమైన నేరముగా చేసినది. బందీకి విడుదల పత్రము ఇచ్చువారు జిల్లా అధికారులు. ఆ కచేరి సంగారెడ్డిలోనే ఉన్నది. మీ ఊరి పొలిమేరలో బట్టీ యున్నచో ఒకసారి పోయి, ఆ నోటుపుస్తకము ఎవరి చేతిలో ఉన్నదో చూచి రండు.