చిన్న బండలో గ్యాసు: కిలోకు 33 రూపాయల తేడా ఎవరి జేబులోకి?

ఓర్వకల్లు: కర్నూలు–నంద్యాల రోడ్డు మీది ఈ మండలానికి కొన్నేళ్లుగా బయటి జనం రాక పెరిగింది. గని–శకునాల సోలార్ పార్కు, 2021 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయం, పారిశ్రామిక వాడ పనులు ఇందుకు కారణం. ఇటువంటి పనుల మీద ఆరు నెలలకు, ఏడాదికి వచ్చి అద్దె గదిలో దిగే మేస్త్రీ గాని, వెల్డరు గాని 14.2 కిలోల బండ కనెక్షన్ కోసం కాగితాలు పట్టుకొని తిరగడు. అతనికి కావలసింది చేత్తో పట్టుకుపోగల చిన్న బండ, దాని నెత్తిన ఒక బర్నరు. అటువంటి చోట చిన్న బండకు గిరాకీ వుంటుంది. అది ఖాళీ అయిన తర్వాత ఎక్కడ నింపుతారన్న దగ్గరే చిక్కు వస్తున్నది.

మన రాష్ట్రంలోనే కాదు, దేశంలో చాలా పట్టణాలలో ఇది ఇంటి పెద్ద బండ నుంచి నిండుతుంది. ఇంట్లో వారే పట్టుకుంటారు, లేదా స్టవ్వులు బాగుచేసే దుకాణంలో కిలో లెక్కన పట్టించుకుంటారు. దీని వెనుక వున్నది కేవలం సౌకర్యం కాదు, ధరల తేడా కూడా.

2025 ఏప్రిల్ నాటి ఢిల్లీ ధరలే తీసుకుందాం. ఆ నెల 8న రు. 50 పెరిగిన తర్వాత ఇంటి వాడకపు 14.2 కిలోల బండ రు. 853. అంటే కిలో సుమారు రు. 60. అదే నెలలో హోటళ్లు వాడే 19 కిలోల బండ రు. 1,762. అంటే కిలో రు. 92 పైచిలుకు. ఒకే సరుకుకు కిలోకు దాదాపు రు. 33 వ్యత్యాసం! ఇంటి గ్యాసుపై జి.ఎస్.టి. 5 శాతం, వ్యాపార గ్యాసుపై 18 శాతం. దానికి తోడు ఇంటి బండ ధరను ప్రభుత్వం అదుపులో పెడుతున్నది. ఎర్ర బండ కొని అందులోని గ్యాసును వ్యాపార ధరకు విడిగా అమ్మితే, లెక్క ప్రకారం బండకు రు. 460 మిగలాలి. ఇది వర్తకుడి తెలివితో వచ్చిన లాభం కాదు, పన్ను, సబ్సిడీల మధ్య సందులో నుంచి వచ్చినది.

అయితే ఆ రు. 460 పూర్తిగా చేతికి రాదు. పెద్ద బండలో, చిన్న బండలో వత్తిడి సమానం కాగానే గ్యాసు పారడం ఆగిపోతుంది. పారించడానికి చిన్న బండలోని ఆవిరిని బయటకు వదులుతారు. అది తరుగు. పెద్ద బండ అడుగున మిగిలిపోయేది మరొక తరుగు. ఈ తరుగును ఎవరి మీదనో వేయక తప్పదు. కిలో రు. 90 చొప్పున 5 కిలోలకు రు. 450 తీసుకొని 4 కిలోలే పట్టిస్తే, కొన్నవాడికి కిలో రు. 112.50 పడినట్లు. కాటా లేని దుకాణంలో దీనిని పట్టుకునేవారు లేరు. వేరుశనగ బస్తాకు వంద గ్రాముల తేడా వస్తే యార్డులో గొడవ పెట్టుకునే మనిషి, ఇక్కడ బండను చేత్తో వూపి చూసి డబ్బు ఇచ్చి పోతున్నాడు.

తూకం తక్కువైతే నష్టం డబ్బుతో పోతుంది. ఎక్కువైతే వచ్చేది అంతకంటె పెద్ద నష్టం. 14.2 కిలోల బండలో సుమారు 33 లీటర్ల చోటు వుంటుంది. కంపెనీ నింపే ద్రవం అందులో నాలుగింట మూడు వంతులకు కాస్త పైగా ఆక్రమిస్తుంది, మిగతాది ఆవిరికి వదిలిన చోటు. ఈ ద్రవం పది డిగ్రీల వేడికి సుమారు 2 నుంచి 3 శాతం వ్యాకోచిస్తుంది. తూకం లేకుండా మెడ దాకా పట్టిన చిన్న బండ తెల్లవారుజామున బాగానే వుంటుంది. కర్నూలు మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో దానికి పెరగడానికి చోటు వుండదు. ద్రవం నొక్కుడుకు తగ్గేది కాదు, ఇనుమే చీలాలి.

పట్టేటప్పుడు వదిలే ఆవిరి సంగతి వేరు. అది గాలి కంటె ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. పైకి పోదు, నేల మీద పాకి గది మూలల్లో నిలుస్తుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, స్విచ్చి మెరుపుకు కూడా అంటుకుంటుంది. పక్క గదిలో వెలుగుతున్న స్టవ్వు దాకా అది నడిచి పోగలదు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారిన వేళ విశాఖపట్నం హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో లీకైన ఇదే గ్యాసు మబ్బులా పరుచుకొని అంటుకోగా యాభై మందికి పైగా మరణించారు. సకల సాధనాలు వున్న చోటనే అలా జరిగింది. వంటింట్లో వున్నది రబ్బరు గొట్టం ఒక్కటే.

చట్టం విషయంలో సందేహానికి తావు లేదు. ఒక బండ నుంచి మరొక బండలోకి గ్యాసు మార్చడాన్ని 2000 సంవత్సరపు ఎల్.పి.జి. సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు నిషేధించింది. ఇది నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చినది కనుక శిక్ష మూడు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. పట్టుబడిన సరుకును, మోసిన బండిని కలెక్టరు జప్తు చేయవచ్చు. దుకాణానికి అగ్నిప్రమాద బీమా వున్న వర్తకుడు మరొక సంగతి ఆలోచించాలి. చట్ట విరుద్ధంగా గ్యాసు పడుతుండగా నిప్పంటుకున్నదని తేలితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అప్పుడు పోయేది గ్యాసు మీద మిగిలిన నాలుగు వందలు కాదు, మొత్తం స్టాకు.

గిరాకీ మాత్రం నిజమైనదే. దానిని తీర్చే సరైన సరుకు కూడా మార్కెట్లో వుంది. చిరునామా రుజువు అడగకుండా గుర్తింపు కార్డు చూసి ఇచ్చే 5 కిలోల బండను చమురు కంపెనీలు 2013 అక్టోబరులో పెట్రోలు బంకుల ద్వారా ప్రవేశపెట్టాయి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో దానికి ‘ఛోటూ’ అని పేరు పెట్టింది. సబ్సిడీ లేదు కనుక కిలో ధర ఎక్కువే, దొంగచాటు గ్యాసుతో అది పోటీ పడలేకపోవడానికి కారణం ఇదే. కాని తూకం కచ్చితం, సీలు వుంటుంది. బండ పిడి దగ్గరి పట్టీ మీద ఖాళీ బరువు, పరీక్ష గడువు కనిపిస్తాయి. ఎ, బి, సి, డి అక్షరాలు ఏడాదిలో మూడేసి నెలలకు గుర్తు. ‘బి–27’ అని వుంటే ఆ బండ గడువు 2027 జూన్ చివరి వరకు. ఈ గుర్తులేవీ లేని బండను కొని అమ్మడం వర్తకుడికి క్షేమం కాదు.

గ్యాస్ ఏజెన్సీతో మాట్లాడుకొని ఈ బండలు పెట్టదలచిన కిరాణా వర్తకులకు ఒక లెక్క ఉపయోగపడుతుంది. బండలలో వున్న ఎల్.పి.జి. మొత్తం 100 కిలోలకు మించనంత వరకు నిల్వకు పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు అక్కరలేదు. అంటే నిండు బండలు 20. ఈ మినహాయింపు నిల్వకే గాని, నింపడానికి ఒక్క కిలోకు కూడా వర్తించదు.