టేకు నీడలోంచి వెనక్కి పారే నది దాకా

మాఘమాసపు చివరి రోజుల్లో, తెల్లవారుజామున యర్రగొండపాలెం నుంచి పెద్దదోర్నాల వైపు మోటారుసైకిల్ తీస్తే ముందుగా చలి ఒళ్లంతా తడుముతుంది. ఆ వెనకే కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ముక్కుపుటాలను తాకుతుంది. ఎర్రమట్టి చేల అంచున నల్లమల నీలంగా, బూడిదగా, మళ్లీ నీలంగా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. రాత్రంతా మూసి ఉన్న అటవీ గేటు తెరుచుకున్నాక శ్రీశైలం ఘాటు మలుపుల్లోకి దిగితే అక్కడి గాలే వేరు. తడి ఆకుల వాసన, ఎండుగడ్డి వాసన, ఎక్కడో కనపడని పూల తియ్యని మత్తు ఒక్కో వంపులో ఒక్కొక్కటిగా ఎదురొస్తాయి.

దారికి రెండు పక్కలా టేకు చెట్లు. విస్తళ్లంత వెడల్పాటి ఆకులు పసుపుకు తిరిగి, గోధుమవన్నెకు మాగి, చిన్న గాలికే గలగలమంటూ రాలిపడుతుంటాయి. లేతాకును అరచేతిలో నలిపితే గోరింట పండినట్టు ఎర్రటి మరక అంటుకుంటుంది. ఈ కొండల్లో ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని ప్రాణులూ ఉన్నాయి. గిద్దలూరు, నంద్యాల నడుమ అడవిలో చెట్టు తొర్రల్లో పగలంతా దాగి ఉండే నీలికాంతుల పెద్ద సాలీడు అలాంటిదే. టేకు మాత్రం ఎల్లలు దాటిన చెట్టు. భారతదేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్ అడవుల్లో అది తనంత తానుగా మొలిచి, ఆకాశానికి ఎగబాకుతుంది.

2018 ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటారుసైకిళ్ల మీద బయలుదేరి, మయన్మార్ మీదుగా మెకాంగ్ నది దేశాలను చుట్టివచ్చారు. వేల కిలోమీటర్ల ఆ యాత్ర సాగింది సరిగ్గా ఆకు రాలే కాలంలోనే. మణిపూర్ అంచున మోరే దాటి తమూలో అడుగుపెడితే లిపి మారుతుంది, భాష మారుతుంది, బండి నడపాల్సిన పక్క కూడా ఎడమ నుంచి కుడికి మారుతుంది. కానీ కబా లోయలో మాత్రం అవే నిటారు మానులు, అవే వెడల్పాటి ఆకులు, చక్రాల కింద అదే కరకర. తరతరాలుగా ఏనుగులు దుంగలు లాగిన బర్మా అడవులవి. ఆకులన్నీ రాల్చేసుకున్న కొమ్మల మీద బూరుగ పూలు ఎర్రగా, బరువుగా, ఒంటి నిండా కుంకుమ పూసుకున్నట్టు వెలుగుతుంటాయి. నల్లమలలో పుట్టిపెరిగినవాడు ఆ లోయలో దారి తప్పినా, ఏ చెట్టు కింద ఆగాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆ తర్వాత మెకాంగ్. టిబెట్ మంచుకొండల్లో కన్ను తెరిచి, ఆరు దేశాల గుండా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా పారే నది. లావోస్‌లో ఎండాకాలపు సాయంత్రం దాన్ని చూడాలి. నీరు తగ్గి నల్లటి రాతి వెన్నులు పైకి లేస్తాయి. తేనెరంగు ఇసుకదిబ్బల పక్కన, తడి ఆరని ఒండ్రు మీద పల్లెజనం వేసుకున్న కూరమళ్లు పచ్చటి చారలుగా నీటి దాకా దిగుతాయి. అవతల నిట్టనిలువు సున్నపురాతి కొండలు ఊదారంగు పొగమంచులో సగం కరిగిపోయి, సగం మిగిలి నిలబడతాయి.

ఇంకా దక్షిణాన, కంబోడియాలో, సృష్టి తన చిత్రమైన లీలను దాచుకుంది. టోన్లే సాప్ సరస్సు నీరు ఎండాకాలమంతా అదే పేరున్న నది గుండా దిగువకు పారి, నాంఫెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. నల్లమల వాగులకు ప్రాణం పోసే నైరుతి రుతుపవనాలే అక్కడా విరుచుకుపడి మెకాంగ్ పొంగగానే, ఆ వరద బరువుకు నది ఆగుతుంది, తటపటాయిస్తుంది, వెనుదిరుగుతుంది! వచ్చిన దారినే ఎగువకు పారుతుంది. దాదాపు రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల సరస్సు ఐదారింతలై, అంచున ఉన్న అడవిని నడుము దాకా, మెడ దాకా ముంచెత్తుతుంది. కొమ్మల మధ్య చేపలు ఈదుతాయి, వేళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి. మన నేలపట్టుకు వచ్చే గూడబాతులే అక్కడా నీట మునిగిన చెట్ల తలల మీద గూళ్లు అల్లుకుంటాయి. తేలే ఇళ్ల ఊళ్లు నీటితో పాటు లేచి, నీటితో పాటు జరుగుతాయి.

ఫిబ్రవరి, మార్చిలలో వెళ్లే బాటసారికి కనిపించేది దిగువకు జారిపోతున్న సరస్సే. నది మలుపు తిరిగే ఘడియను చూడాలంటే వానలు వెనుకబట్టాక, సాధారణంగా నవంబరు పున్నమికి నాంఫెన్ చేరాలి. ఇక్కడ కార్తీక దీపాలతో శ్రీశైలం వెలిగిపోయే రోజుల్లోనే, అక్కడ నది మళ్లీ సముద్రం దారి పట్టినందుకు జనం పండుగ చేసుకుంటారు. పొడవాటి రంగురంగుల పడవల్లో పదులకొద్దీ తెడ్లు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా నీటిని చీలుస్తుంటే, రెండు గట్లూ కేకలతో హోరెత్తుతాయి.