ఇంజను మారిన కారుకు ఏ పొగ లెక్క?

మా ఇంటి కారు 2011లో హైదరాబాదులో రిజిస్టరయినది. గత ఏడాది అది పెట్రోలుతో సమానంగా ఆయిలు కూడా తాగసాగింది. వెనుక నుంచి నీలిరంగు పొగ. కొత్త ఇంజను వేయిస్తే ఆ ఖర్చు బండి విలువను మించిపోతుందని మెకానిక్కు చెప్పాడు. పాత విడిభాగాల బజారు నుంచి అదే మోడలు ఇంజనొకటి తెచ్చి బిగించాడు. నీలి పొగ పోయింది, బండి హాయిగా నడిచింది. మేము సంతోషించాము.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరి పరీక్షకు తీసుకువెళ్ళిన రోజున ఆ సంతోషం సగమైంది. కార్బన్ మోనాక్సైడు 0.46 శాతం వచ్చింది, బండి తప్పింది.

మెకానిక్కును నిలదీస్తే అతడు ఆశ్చర్యపోయాడు. "ఈ ఇంజను 2008 నాటి బండిది సార్, దానికి 0.5 వరకు పాసే కదా!" అతడు చెప్పిన అంకె తప్పు కాదు. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లకు ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాకా అనుమతి ఉంది. బీఎస్-4 కార్లకు ఆ హద్దులు 0.3 శాతం, 200 పీపీఎం. హైదరాబాదు సహా 13 నగరాలలో బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. దేశమంతటికీ వర్తించినది 2017 ఏప్రిల్‌లో. మా కారు బీఎస్-4. దానిలో కూర్చున్న ఇంజను మాత్రం అంతకు ముందుతరానిది.

అలాంటప్పుడు కారు వయసును చూడాలా, ఇంజను వయసును చూడాలా? మన కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం హద్దులను వాహనం ఏ ప్రమాణానికి చెందినదో దానిని బట్టి నిర్ణయిస్తుంది. పరీక్షా కేంద్రంలోని కుర్రవాడు బానెట్ ఎత్తి ఇంజను పుట్టిన సంవత్సరం వెతకడు, బండి నంబరు కొట్టి చూస్తాడు. అందువల్ల పాత ఇంజను వేసినంత మాత్రాన పాత హద్దు దొరకదు.

ఇదే ప్రశ్నకు బ్రిటన్‌లోని వార్షిక వాహన పరీక్ష నిబంధనలు సూటిగా జవాబిచ్చాయి. 2002 సెప్టెంబరు 1కి ముందు తొలిసారి రోడ్డెక్కిన కారులో అంతకన్నా పాత ఇంజను ఉంటే, దాని వయసుకు రుజువు చూపిన మీదట ఇంజను కాలపు హద్దుల ప్రకారం పరీక్షిస్తారు. ఆ తేదీన గాని, తరువాత గాని రోడ్డెక్కిన కారుకైతే ఏ ఇంజను వేసినా కారు వయసే లెక్క. కాలిఫోర్నియాలో ఇంకొంచెం బిగువు: వేసే ఇంజను కారు మోడలు సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి తీరాలి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ వెంట రావాలి. ఆ చివరి మాటలోనే అసలు కిటుకున్నదని మాకు తరువాత తెలిసింది.

పొగను శుభ్రపరిచేది ఇంజను ఒక్కటే కాదు. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది. అది చెప్పిన దానిని బట్టి కంప్యూటరు పెట్రోలు పాళ్ళను సవరిస్తుంది. మిగిలిన విషవాయువులను క్యాటలిటిక్ కన్వర్టరు మారుస్తుంది. మా బండికి ఇంజనుతో పాటు దాని పాత కన్వర్టరే వచ్చింది. మాది తుక్కులోకి పోయింది. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాలుంటాయి గనుక తుక్కు బజారులో దానికి గిరాకీ ఎక్కువ. మాది ఎవరికి చేరిందో అడిగి ప్రయోజనం లేకపోయింది. మా మోడలుకు తగిన కన్వర్టరు, కొత్త సెన్సారు వేయించాక 0.12 శాతం వచ్చింది. ఖర్చు మాత్రం ఇంజనుకు పెట్టిన దానిలో మూడో వంతు!

పొగ సంగతి తీరినా కాగితాల సంగతి మిగిలింది. ఆర్సీలో ఉన్నది పాత ఇంజను నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి, మార్చిన 14 రోజులలోగా ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. మేము ఆ గడువును ఎప్పుడో దాటాము. దీనిని చిన్న విషయమనుకోవడం పొరపాటు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ సరిపోల్చేది ఆ నంబరునే. పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషను పొడిగింపుకు వెళ్ళినప్పుడు తనిఖీ అధికారి చూసేదీ దానినే. కొన్న ఇంజను దొంగబండిది కాదని చూపడానికి బిల్లు తప్ప మరో ఆధారం ఉండదు. అదృష్టవశాత్తు బిల్లు మా చేతిలో ఉంది. చాలామంది దానిని అడగనే అడగరు.

సర్టిఫికెట్ లేకుండా తిరిగితే పడే జరిమానా 2019 సవరణ తరువాత 10,000 రూపాయల దాకా ఉండవచ్చు. మాకు అంతకన్నా బరువనిపించిన సంగతి వేరొకటి. ఆ బండిని అమ్మాలని అప్పటికే మాట అనుకున్నాము, కొనబోయే వారు మా వీధివారే. సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదన్నది మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలిసిన మాట. ఆర్సీ సరిచేయించి, ఇంజను బిల్లు, ఫెయిలైన కాగితం, పాసైన కాగితం మూడూ ఆయన ముందు పెట్టాము. ఆయన చాలాసేపు చూసి, ధర పదిహేను వేలు తగ్గించమన్నారు. తగ్గించాము.